కొవ్వొత్తి కోర్టుకెక్కింది

కొవ్వొత్తి అనే మాటను మీరెప్పుడైనా విడదీసి చూశారా? కొవ్వు, వత్తి - ఈ రెండూ కలిసి కొవ్వొత్తి అయింది. కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లో వెలిగించే కొవ్వొత్తిలో కొవ్వు సాధారణంగా ఉండదు. అది చాలామట్టుకు పెట్రోలియం నుంచి తీసిన పారఫిన్ మైనం. అయినా పాత పేరు పోలేదు. ఎందుకంటే ఒకప్పుడు కొవ్వొత్తులను నిజంగా కొవ్వుతోనే చేసేవారు.

మన పెద్దలు ఆముదమో, నువ్వులనూనో ప్రమిదలో పోసి దీపం పెట్టుకునేవారు. యూరపులోనూ, అమెరికాలోనూ సామాన్యులు గొడ్ల కొవ్వు, గొర్రెల కొవ్వు కరిగించి, అందులో నూలు వత్తి ముంచి, ఆరబెట్టి, మళ్ళీ ముంచి, అలా లావు చేసుకుంటూ పోయి కొవ్వొత్తులు తయారుచేసేవారు. తేనెమైనపు వత్తులు ఉండేవి గాని, అవి ధనవంతుల ఇళ్ళకూ, చర్చీలకూ మాత్రమే.

ఆ కొవ్వు దీపంతో పడే బాధలు ఇన్నీ అన్నీ కావు. వేసవి వస్తే మెత్తబడి వంగిపోతుంది. వెలిగిస్తే పొగ చూరుతుంది. మాటిమాటికీ కత్తెరతో వత్తి కొస కత్తిరించకపోతే వెలుగు తగ్గిపోతుంది. ఆర్పారో, ముక్కు మూసుకోవలసిందే! పిల్లలు దాని దగ్గర కూచుని చదువుకోవాలంటే ఎంత కష్టమో ఊహించుకోండి.

ఈ కొవ్వొత్తిని బాగుచేసే పని మీద ఒక రసాయన పద్ధతి పుట్టింది. ఆ పద్ధతి ఎవరిది అన్న తగవు అమెరికా సుప్రీం కోర్టు దాకా పోయింది. పోయిందంటే ఒకసారి కాదు! ఆ కథే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. దీనిలో కొంచెం రసాయనశాస్త్రం ఉంది, కొంచెం చట్టం ఉంది. రెంటికీ భయపడకండి.

ముందు రసాయనం సంగతి. ఫ్రాన్సు దేశంలో మిషెల్ షెవ్రల్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయన 1786లో పుట్టి 1889లో చనిపోయాడు. నూటరెండేళ్ళు బతికాడన్న మాట! ఆయన 1811 ప్రాంతంలో కొవ్వుల మీద పరిశోధన మొదలుపెట్టి, 1823లో తన పరిశోధనలన్నీ కలిపి పుస్తకంగా వేశాడు. కొవ్వు ఒకే పదార్థం కాదనీ, అందులో రెండు రకాల సరుకు అంటుకుని ఉన్నదనీ ఆయన తేల్చాడు.

దాన్ని ఈనాటి లెక్కలో మీకిలా చెప్పవచ్చు. మూడే మూడు పొడుగాటి పళ్ళున్న దువ్వెన ఒకటి ఊహించుకోండి. దాని పిడి గ్లిజరిను. మూడు పళ్ళూ కొవ్వు ఆమ్లాలు. ఇలాంటి దువ్వెనలు లెక్కలేనన్ని కలిస్తే కొవ్వు.

ఈ పళ్ళలో కొన్ని స్టియరిక్ ఆమ్లం, కొన్ని పామిటిక్ ఆమ్లం. వీటిని పిడి నుంచి విడదీస్తే తెల్లగా, గట్టిగా ఉంటాయి. స్టియరిక్ ఆమ్లం 69 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర గాని కరగదు. పామిటిక్ ఆమ్లం 63 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇక ఓలియిక్ ఆమ్లం అనేది మూడో రకం. అది మన గది వేడిలో నూనెలాగే ఉంటుంది. ఆమ్లాలన్నిటినీ చల్లార్చి సంచిలో పెట్టి గట్టిగా పిండితే ఓలియిక్ ఆమ్లం కారిపోతుంది, గట్టి ఆమ్లాలు మిగులుతాయి. వాటితో వత్తులు పోస్తే ఎండకు వంగవు, పొగ తక్కువ, వెలుగు ఎక్కువ.

మరి ఆ పాడు వాసన మాటేమిటి? ఆ వాసనకు చాలావరకు కారణం పిడి, అంటే గ్లిజరిను. అది బాగా కాలితే ఆక్రొలీన్ అనే ఘాటు ఆవిరి పుడుతుంది. మూకుట్లో నూనె మాడినప్పుడు మీ కళ్ళు మండుతాయి చూడండి, ఆ మంటలో దీని పాలు ఉంది. పిడిని తీసేస్తే ఆ పీడ వదులుతుంది.

కాబట్టి కొవ్వొత్తులు చేసేవాడికి కావలసినది ఒక్కటే: దువ్వెన పళ్ళు విరగకుండా పిడి ఊడదీయడం.

1831లో ద మియీ అనే ఆయన పారిస్‌లో ఈ పని సున్నంతో చేయించాడు. కొవ్వులో నీళ్ళు కలిపిన సున్నం వేసి ఉడికిస్తారు. పళ్ళు పిడిని వదిలి సున్నాన్ని పట్టుకుంటాయి. అప్పుడు గట్టి సున్నపు సబ్బు తయారవుతుంది. అది నీళ్ళలో కరిగే సబ్బు కాదు, రాయిలాంటి ముద్ద. దాని మీద గంధకికామ్లం పోస్తే సున్నం ఆమ్లాన్ని వదిలి గంధకికామ్లంతో కలిసి జిప్సం అయి అడుక్కు పోతుంది. కొవ్వు ఆమ్లం పైకి తేలుతుంది. పని అయింది గాని, ఎంత తతంగం! నూరు పాళ్ళ కొవ్వుకు పన్నెండు, పద్నాలుగు పాళ్ళ సున్నం కావాలి. ఆ సున్నానికి తగినంత గంధకికామ్లం కావాలి. చివరకు గుట్టలుగా జిప్సం మిగులుతుంది. గ్లిజరిను మురికి నీళ్ళలో కలిసి వృథాగా పోతుంది.

ఇక మన కథానాయకుడు. ఆయన పేరు రిచర్డ్ టిల్గ్‌మన్. ఊరు అమెరికాలోని ఫిలడెల్ఫియా. ఆయన ఈ సున్నాన్నీ, గంధకికామ్లాన్నీ రెంటినీ తీసి అవతల పారేశాడు. పిడిని ఊడదీయడానికి వట్టి నీళ్ళు చాలునన్నాడు!

వట్టి నీళ్ళే గాని, మామూలు నీళ్ళు కావు. కొవ్వును నీళ్ళలో వేసి రోజంతా కాచినా మీకు ఏమీ జరిగినట్టు కనబడదు. నీరు 100 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరైపోతుంది, అంతకు మించి వేడెక్కదు. కాని మూత బిగించి ఆవిరిని బయటికి పోనివ్వకపోతే? ఒత్తిడి పెరుగుతుంది, దానితో నీరు మరిగే వేడి కూడా పెరుగుతుంది. మీ వంటింటి ప్రెషర్ కుక్కర్‌లో జరిగేది ఇదే. అక్కడ నీరు సుమారు 120 డిగ్రీల దాకా పోతుంది. టిల్గ్‌మన్ ఇంకా చాలా పైకి పోయాడు. ఆయన చెప్పిన వేడి సీసం కరిగేటంత. ఆనాటి లెక్కలో అది 612 డిగ్రీల ఫారెన్‌హీటు, అంటే సుమారు 322 సెంటీగ్రేడు. ఆ వేడిలో నీటిని ఆవిరి కాకుండా ఆపాలంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి నూటపది రెట్ల పైన ఒత్తిడి ఉండాలి. పాత్ర బలహీనమైతే బాంబులా పేలుతుంది.

అందుకని ఆయన పెద్ద పాత్ర పెట్టలేదు. సన్నని ఇనుప గొట్టాన్ని చుట్టలు చుట్టి కొలిమిలో పెట్టాడు. కరిగిన కొవ్వునూ, నీటినీ బాగా చిలికి, పంపుతో ఆ గొట్టంలోకి నెట్టాడు. చుట్టలన్నీ తిరిగి అవతలికి రావడానికి పదినిమిషాలు. ఆ పదినిమిషాల్లో నీటి అణువులు పిడికీ, పన్నుకూ మధ్య దూరి, తాము రెండు ముక్కలై, ఒక ముక్క పిడికి, ఒక ముక్క పన్నుకు ఇచ్చి విడదీస్తాయి. బయటికి వచ్చినదాన్ని చల్లార్చి కదలకుండా ఉంచితే పైన కొవ్వు ఆమ్లం, కింద గ్లిజరిను కలిసిన నీరు. సున్నం లేదు, జిప్సం గుట్టలు లేవు, గ్లిజరిను కూడా దక్కింది!

టిల్గ్‌మన్ ఈ పద్ధతికి 1854 జనవరిలో ఇంగ్లండులోనూ, అదే ఏడు అక్టోబరు 3న అమెరికాలోనూ పేటెంటు తీసుకున్నాడు.

పేటెంటు అంటే ఏమిటో చెప్పకపోతే ఈ పైన కథ మీకు అర్థం కాదు. కొత్త సంగతి కనిపెట్టినవాడితో ప్రభుత్వం చేసుకునే బేరమే పేటెంటు. "నీవు కనిపెట్టినది దాచుకోకుండా, ఆ పని తెలిసినవాడు ఎవడైనా చదివి చేసుకోగలిగేట్టు రాసి ఇయ్యి. అందుకు బదులుగా ఇన్ని సంవత్సరాలు నీ అనుమతి లేకుండా మరొకడు దాన్ని వాడుకోకుండా చూస్తాను. గడువు తీరాక అది అందరి సొత్తు" - ఇదీ బేరం. మన దేశంలో ఇప్పుడా గడువు ఇరవై ఏళ్ళు. టిల్గ్‌మన్ నాటి అమెరికాలో పద్నాలుగేళ్ళు, పొడిగిస్తే మరో ఏడేళ్ళు.

ఈ బేరానికి ఒక షరతు ఉంది. వస్తువో, పద్ధతో కొత్తది కావాలి. ఇదివరకే లోకానికి తెలిసినదాన్ని ఒకడి సొత్తుగా రాసి ఇవ్వడానికి ప్రభుత్వానికి హక్కు లేదు. న్యాయమే కదా! ఎవరైనా పేటెంటును పడగొట్టాలనుకుంటే ముందు చేసే పని, పాత పుస్తకాలూ, పాత యంత్రాలూ తిరగేసి, "ఇదిగో, ఇది నీకంటే ముందే ఉంది" అని చూపించడం.

టిల్గ్‌మన్ పేటెంటుకు కూడా అదే గతి పట్టింది. కొవ్వొత్తుల ఫ్యాక్టరీలవాళ్ళకు ఆయన పద్ధతి నచ్చింది గాని, ఆయనకు డబ్బు ఇవ్వడం నచ్చలేదు. వాళ్ళు పద్ధతిని కొంచెం మార్చారు. సన్నని గొట్టాల బదులు పెద్ద బాయిలర్లు పెట్టారు. 322 డిగ్రీల బదులు సుమారు 155 డిగ్రీలు చాలుననుకున్నారు. వేడి తగ్గింది గనక పదినిమిషాల బదులు కొన్ని గంటలు పట్టింది. పని తేలిక కావడానికి కాస్త సున్నం కూడా వేశారు. "ఇది టిల్గ్‌మన్ పద్ధతి కాదు, మాది" అన్నారు.

టిల్గ్‌మన్ మిచెల్ అనే ఆయన మీద దావా వేశాడు. అది 1873లో సుప్రీం కోర్టుకు వచ్చింది. టిల్గ్‌మన్ ఓడిపోయాడు. ఆయన పేటెంటు, అందులో వర్ణించిన గొట్టాలకూ, ఆ పెద్ద వేడికీ మాత్రమే వర్తిస్తుందనీ, బాయిలర్లో తక్కువ వేడితో చేసుకునేవాళ్ళను ఆపలేదనీ న్యాయమూర్తులలో ఎక్కువమంది భావించారు.

అంతటితో ఎవరైనా ఇంటికి పోయి పడుకుంటారు. టిల్గ్‌మన్ పడుకోలేదు. సిన్సినాటి ఊళ్ళో ప్రాక్టర్, గాంబుల్ అనే ఇద్దరు 1837లో పెట్టిన కంపెనీ ఒకటి ఉంది. ప్రాక్టర్ కొవ్వొత్తులవాడు, గాంబుల్ సబ్బులవాడు. ఈనాటికీ సబ్బుపొడి పెట్టెల మీద మీరు ఆ కంపెనీ పేరు చూడవచ్చు. టిల్గ్‌మన్ వాళ్ళ మీద దావా వేశాడు. అక్కడా మొదట ఓడి, మళ్ళీ సుప్రీం కోర్టుకే వచ్చాడు. పెద్దకోర్టు ఒకసారి కాదన్నదాన్ని అదే కోర్టు చేత అవుననిపించడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పాలా?

ప్రతివాదుల లాయర్లు ఈసారి పాత కాలమంతా గాలించి సాక్ష్యాలు తెచ్చారు. వాటిలో నాకు చాలా ఇష్టమైనది ఒక ఆవిరి ఇంజను.

పెర్కిన్స్ అనే ఇంజనీరు టిల్గ్‌మన్ కంటే ముందే చాలా ఎక్కువ ఒత్తిడితో నడిచే ఆవిరి ఇంజను చేశాడు. ఇంజనులో ముషలకం, అంటే పిస్టను, స్తంభంలో అటూ ఇటూ జారాలంటే జిడ్డు కావాలి కదా. అందుకని అందులో గొడ్డు కొవ్వు వేసేవారు. లోపల ఏముంది? కొవ్వు, వేడి ఆవిరి, ఒత్తిడి. సరిగ్గా టిల్గ్‌మన్ సామగ్రే! ఇంజను నుంచి బయటికి వచ్చే నీటి మీద తెట్టెలాంటిది తేలేది. "ఆ తెట్టె కొవ్వు ఆమ్లమే. కాబట్టి ఈ పద్ధతి పెర్కిన్స్ ఇంజనులో ఎప్పుడో జరిగిపోయింది. టిల్గ్‌మన్ కొత్తగా కనిపెట్టినదేమిటి?" అన్నారు లాయర్లు.

మరొక సాక్ష్యం బారోమీటరు. లండన్‌లో డేనియల్ అనే శాస్త్రజ్ఞుడు పాదరసం బదులు నీటితో బారోమీటరు కట్టాడు. గాలి ఒత్తిడి నీటిని పది మీటర్ల ఎత్తుకు ఎత్తుతుంది గనక ఆ గొట్టం మేడంత పొడుగు! అందులో నీరు గాలికి తగలకుండా నూనె పొర కప్పాడు. ఆ నూనెలో తరవాత కనబడిన మార్పును చూపి "ఇదీ అదే" అన్నారు. నూనెలు శుభ్రం చేసే వాల్తర్ అనే ఆయన పద్ధతిని కూడా సాక్ష్యంలోకి లాగారు.

మీరు న్యాయమూర్తి అయితే ఏమంటారు? చదవడం ఆపి ఒక నిమిషం ఆలోచించండి.

తొందరపడి "ముందు జరిగింది గనక టిల్గ్‌మన్‌ది కొత్త కాదు" అన్నారా? అయితే నేను మరో సాక్ష్యం తెస్తాను. మీ కడుపు! మీరు తిన్న నెయ్యిని చిన్నపేగులో ఒక రసం ఇలాగే నీటి సాయంతో పిడినీ, పళ్ళనూ విడదీస్తుంది. అసలు కొవ్వు జీర్ణం కావడమంటే చాలావరకు ఇదే. నిలవ ఉన్న నెయ్యి ముక్కిపోయి వాసన వస్తుంది కదూ? అక్కడా కొంత ఇదే జరుగుతుంది. అలా లెక్కవేస్తే ఈ మార్పును కనిపెట్టినది మనుషులు కాదు. నెయ్యి గిన్నెకే పేటెంటు ఇవ్వవలసి వస్తుంది.

1880 నాటి ఆ కేసులో జస్టిస్ బ్రాడ్లీ అనే న్యాయమూర్తి తీర్పు రాశాడు. పెర్కిన్స్ ఇంజను సంగతి ఆయన రెండు మాటల్లో తేల్చేశాడు. ఆ తెట్టె నిజంగా కొవ్వు ఆమ్లమే అనుకుందాం. అయినా అది ఎలా పుట్టిందో అప్పుడు ఎవరికీ పూర్తిగా అర్థం కాలేదు. దాన్ని చూసి కొవ్వొత్తులు చేసే ఒక్క మనిషీ ఏమీ నేర్చుకోలేదు. వేరే పని చేస్తూండగా తెలియకుండా, అనుకోకుండా, ఎవరి దృష్టికీ రాకుండా పుట్టిన దాన్ని పట్టుకుని, టిల్గ్‌మన్ కంటే ముందే కనిపెట్టారనడం అర్థంలేని మాట అన్నాడు. బారోమీటరుకూ, వాల్తర్ పద్ధతికీ కూడా అదే జవాబు చెప్పాడు.

ఇది సరైన మాటే అని నాకు తోస్తుంది. ఇంజను దగ్గర నిలబడ్డ మనిషిని పిలిచి "నాకు రేపు పొద్దుటికి పది మణుగుల కొవ్వు ఆమ్లం కావాలి" అంటే అతను చేసి ఇవ్వగలడా? లేడు. టిల్గ్‌మన్ పేటెంటు చదివినవాడు చేసి ఇవ్వగలడు. నీళ్ళు ఇంత, వేడి ఇంత, ఆవిరి కాకుండా ఒత్తిడి ఇంత అని అందులో రాసి ఉంది.

ఇక రెండో చిక్కు: బాయిలర్లు, తక్కువ వేడి, సున్నం. బ్రాడ్లీ ఇక్కడ యంత్రానికీ, పద్ధతికీ తేడా చెప్పాడు. యంత్రం వస్తువు, కంటికి కనబడుతుంది. పద్ధతి అంటే చేసే తీరు. అది మనసులో పుట్టి, పనిలో మాత్రమే తెలుస్తుంది. టిల్గ్‌మన్ అడిగినది గొట్టం చుట్టల మీద హక్కు కాదు, ఎక్కువ వేడిలో, ఒత్తిడిలో నీటి చేత కొవ్వును విడదీయించే పద్ధతి మీద. వేడి తగ్గిస్తే ఎక్కువసేపు పడుతుందని ఆయన పేటెంటులో ముందే సూచించాడు కూడా. గొట్టం మార్చి బాయిలరు పెట్టినంత మాత్రాన పద్ధతి మారదు. అట్లకాడ మారితే అట్టు వేరవుతుందా?

సున్నం వాదం ఇంకా సరదాగా ఉంటుంది. దాన్ని మీరే లెక్కవేయవచ్చు. కొవ్వు అంతా సున్నంతోనే విడిపోవాలంటే నూరు పాళ్ళకు, లెక్క ప్రకారం, తొమ్మిది పాళ్ళకు పైగా సున్నం కావాలి. పనిలో అయితే పన్నెండో, పద్నాలుగో వేసేవారని ఇందాక చెప్పాను. సిన్సినాటి వాళ్ళు వేసినది నాలుగు నుంచి ఏడు పాళ్ళు. నాలుగు పాళ్ళ సున్నం సగం కొవ్వుకు కూడా చాలదు. అయినా కొవ్వు అంతా విడిపోయింది. మరి మిగతాదాన్ని విడదీసినదెవరు? నీళ్ళే! అంటే వాళ్ళు వాడినది టిల్గ్‌మన్ పద్ధతి. దాని మీద సున్నం ఒక చేయిసాయం మాత్రమే.

టిల్గ్‌మన్ గెలిచాడు. కాని మీరు వేళ్ళు మడిచి లెక్కపెట్టండి. 1854కు పద్నాలుగు, ఆపైన ఏడు కలిపితే 1875. అప్పటికే పేటెంటు గడువు తీరిపోయింది. ఆయనకు మిగిలినది, వెనక వాళ్ళు వాడుకున్న కాలానికి డబ్బు అడగడమే. ఆ లాభాల లెక్క మీద తగవు మళ్ళీ సుప్రీం కోర్టుకు పోయి 1888లో గాని తేలలేదు. ఇంగ్లండులో మొదటి పేటెంటు తీసుకున్న నాటి నుంచి ముప్పై నాలుగేళ్ళు. ఇంతలో పెట్రోలియం పారఫిన్ వచ్చింది, కిరసనాయిలు దీపాలు వచ్చాయి, ఎడిసన్ బల్బు కూడా వెలిగింది.

ఈ టిల్గ్‌మన్‌కు బెంజమిన్ అని ఒక సోదరుడు ఉండేవాడు. ఆయన ఇసుకను గాలితోనో, ఆవిరితోనో విసిరికొట్టి గాజునూ, రాతినీ చెక్కే పద్ధతికి 1870లో పేటెంటు తీసుకున్నాడు. కొవ్వుల మీద గంధకపు ఆమ్లం ఒకటి ప్రయోగిస్తూండగా పాత్రకు పెట్టిన కొయ్య మెత్తబడి పీచులుగా విడిపోవడం ఈ సోదరుల కంట పడిందనీ, దాని నుంచే కొయ్యను గుజ్జుగా చేసి కాగితం తయారుచేసే ఆలోచన పుట్టిందనీ చెబుతారు. ఆ గుజ్జు పద్ధతికి 1867లో అమెరికా పేటెంటు వచ్చింది. చూశారా, అదీ అనుకోకుండా జరిగినదే. పెర్కిన్స్ ఇంజను తెట్టె దగ్గర మాత్రం వంగి చూసినవారు లేరు. పాపం, కాగితం గుజ్జు కూడా ఈ సోదరులకు గిట్టుబాటు కాలేదు. 1874లో స్వీడన్ దేశంలో ఎక్మన్ అనే ఆయన చేతిలో గాని అది ఫ్యాక్టరీ సరుకు కాలేదు.

టిల్గ్‌మన్ కేసులో పాత సాక్ష్యాలు నిలవలేదు గనక పాత సాక్ష్యాలు ఎప్పుడూ నిలవవని అనుకునేరు! నిలిచిన కేసు ఒకటి మన పెరటి వేపచెట్టుకు సంబంధించినదే ఉంది.

వేపగింజల నుంచి ద్రావకంతో తీసిన నూనెను మొక్కల మీద చల్లి బూజుతెగుళ్ళను ఆపే పద్ధతికి, అమెరికాకు చెందిన గ్రేస్ అనే కంపెనీకీ, ఆ దేశపు వ్యవసాయ శాఖకూ కలిపి యూరపు పేటెంటు కార్యాలయం 1994లో పేటెంటు ఇచ్చింది. మరుసటి ఏడు వందనా శివ మొదలైనవారు అభ్యంతరం చెప్పారు. వేప గుణాలు మనకు తెలియనివా? బియ్యం డబ్బాలో వేపాకు వేయని ఇల్లు మన పల్లెల్లో అరుదు.

కాని కోర్టువంటి చోట వేపాకు డబ్బా సరిపోదు. ఆకు వేరు, గింజనూనె వేరు. బియ్యపు పురుగు వేరు, ఆకు మీద బూజు వేరు. ఇందాక పెర్కిన్స్ ఇంజనుకు పెట్టిన పరీక్షే ఇక్కడా పెట్టాలి: ఆ పనిని, ఆ ఫలితం కోసం, తెలిసి, ముందుగా చేసినవారున్నారా? ఉన్నారు. వేపగింజల నుంచి ఇటువంటి నూనె తీసే మన దేశపు ఫ్యాక్టరీ ఆయన ఒకరు, ఆ పేటెంటుకు ఎంతో ముందు నుంచే తాము ఇలా చేస్తున్నామని సాక్ష్యం ఇచ్చారు. అది అనుకోకుండా తేలిన తెట్టె కాదు. కావాలని చేసిన పని. 2000 మే నెలలో మ్యూనిక్ నగరంలో ఆ పేటెంటును రద్దు చేశారు. కంపెనీవారు అప్పీలు చేసుకున్నారు. 2005 మార్చిలో అదీ కొట్టేశారు. పదేళ్ళు పట్టిందన్న మాట. టిల్గ్‌మన్‌తో పోలిస్తే తొందరగానే తేలినట్టు!

టిల్గ్‌మన్ పద్ధతి ఏమైందని అడుగుతారేమో. అది బతికే ఉంది. ఈనాటి పెద్ద ఫ్యాక్టరీల్లో నిలువెత్తు ఉక్కు స్తంభాలుంటాయి. కింది నుంచి కొవ్వో, పామాయిలో పైకి పోతుంది. పై నుంచి నీరు కిందికి దిగుతుంది. లోపల వేడి సుమారు 250 డిగ్రీలు, ఒత్తిడి గాలి ఒత్తిడికి యాభై రెట్లు. సున్నం లేదు. పై నుంచి కొవ్వు ఆమ్లాలు, కింది నుంచి తీపి నీరు అని ఫ్యాక్టరీవాళ్ళు పిలిచే గ్లిజరిను నీరు వస్తాయి. గ్లిజరినుకు తియ్యని రుచి ఉంటుంది మరి.

ఈసారి మీ ఇంట్లో ముఖానికి రాసుకునే క్రీము డబ్బా గాని, సబ్బు పొట్లం గాని చేతికి వచ్చినప్పుడు వెనకవైపు ఉండే చీమతలకాయంత అక్షరాలు చదవండి. గ్లిజరిన్ అనో, స్టియరిక్ యాసిడ్ అనో మీకు కనబడవచ్చు. పిడీ, పన్నూ మళ్ళీ ఒకే డబ్బాలో చేరాయన్న మాట!